సంబరాల వేళ ఫ్రెంచ్ మాటలు: అర్థం, వాడుక

పుట్టినరోజు, పెళ్లి, పండుగ, ప్రయాణం, పరీక్షలో గెలుపు. ఇలాంటి వేళల్లో ఫ్రెంచ్ వాళ్లు ఒకరికొకరు చెప్పుకునే మాటలను ఈ పాఠంలో పరిశీలిద్దాం. ఇవి చిన్న మాటలు. రెండు మూడు పదాలకు సాధారణంగా మించవు. నిఘంటువు తెరిస్తే ప్రతిదానికీ అర్థం దొరుకుతుంది. అయినా విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే అని నా అనుభవం. ఎందుకంటే నిఘంటువు ఇచ్చే అర్థం సగమే. మిగతా సగం ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అంటున్నారన్న దానిలో ఉంటుంది. తెలుగు తెలిసిన వాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. ‘దీర్ఘసుమంగళీభవ’ అన్న మాటకు అర్థం తెలుసు కదా అని, మంచి మార్కులు తెచ్చుకున్న తోటి విద్యార్థినితో ఆ మాట అనం.

పత్తికొండలోనో, ఆదోనిలోనో, ఎమ్మిగనూరులోనో ఇంటి పట్టున చదువుకునే మనకు ఫ్రెంచ్‌తో ఏం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఫ్రెంచ్ వాళ్లు మన ప్రాంతానికి రాకపోలేదు. 1751లో బుస్సీ నడిపిన సేన కర్నూలు కోటను పట్టుకుంది. తర్వాతి దశాబ్దాల్లో ఆదోని జాగీరును ఏలిన బసాలత్ జంగ్ కొలువులో ఫ్రెంచ్ పటాలం ఒకటి ఉండేది. ఆ రాకపోకల గుర్తులు చరిత్ర పుస్తకాల్లో ఉన్నాయి గాని మన నాలుకల మీద లేవు. తెలుగువాళ్లు తరాల తరబడి ఫ్రెంచ్‌తో కలిసి బతికిన చోట్లు వేరే ఉన్నాయి. గోదావరి ఒడ్డున యానాం ఒకటి, సముద్రం అవతల మారిషస్ ఒకటి. వాటి దగ్గరికి పాఠం చివర వస్తాం.

1. రాత, ఉచ్చారణ

ఇక్కడ ఫ్రెంచ్ మాటలన్నీ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. ఒక్క గుర్తు విషయం ముందే చెప్పాలి. ఫ్రెంచ్‌లో ముక్కుతో పలికే అచ్చులున్నాయి. వాటి తర్వాత నకారం గాని మకారం గాని పూర్తిగా పలకదు, గాలి కొంత ముక్కులోంచి పోతుంది, అంతే. ఈ ధ్వనిని చూపించడానికి మనకు అరసున్న ఉంది. బడిలో ఛందస్సు, వ్యాకరణం చదివే రోజుల్లో ‘ఎందుకొచ్చిన సున్న ఇది’ అని విసుక్కున్న వాళ్లకు ఇప్పుడది పనికొస్తుంది. బోఁ అని రాస్తే ‘బో’ అన్నంతసేపూ ముక్కుతో పలకండి. బోన్ అనకూడదు, బోమ్ అనకూడదు. సాఁతే, ఫ్రాఁస్ కూడా అలాగే.

జకారంతో కూడా కొంచెం జాగ్రత్త పడాలి. ఫ్రెంచ్‌లో అవి రెండు. ఒకటి మన జామ, జల్లెడల్లో ఉన్న దంత్య జకారానికి దగ్గరగా ఉంటుంది. రెండోది ‘ప్లెజర్’ అన్న ఇంగ్లీషు మాట నడుమ వినిపించే ధ్వని. ‘జ్వాయో’ (సంతోషకరమైన) అన్న మాట మొదట ఉన్నది ఈ రెండోదే.

2. బోఁ, బొన్: మన ద్రుతం లాంటి నకారం

ఫ్రెంచ్ శుభాకాంక్షల్లో చాలా భాగం ‘మంచి’ అనే ఒక్క విశేషణం మీద నడుస్తాయి. పుంలింగ నామానికి ముందు అది బోఁ, స్త్రీలింగ నామానికి ముందు బొన్. తెలుగులో మంచి మనిషి, మంచి పిల్ల, మంచి రోజు అంటాం, విశేషణం మారదు. ఫ్రెంచ్‌లో మారుతుంది. పైగా అక్కడ నపుంసక లింగం లేదు. ప్రాణం లేని వస్తువులు కూడా ఏదో ఒక పక్కకు చేరాల్సిందే. ప్రయాణం పుంలింగం, సంవత్సరం స్త్రీలింగం. ధైర్యం పుంలింగం, అదృష్టం స్త్రీలింగం. ఎందుకని అడిగితే ఉపయోగపడే జవాబు లేదు. నామంతో పాటే లింగాన్నీ గుర్తుపెట్టుకోవాలి. అందువల్ల బోఁ వ్వాయాజ్ (శుభ ప్రయాణం), బోఁ కూరాజ్ (ధైర్యం కలగాలి), బొన్ షాఁస్ (అదృష్టం కలగాలి).

పుంలింగ నామం అచ్చుతో మొదలైతే ఏమవుతుందో చూడండి. అపెతీ అంటే ఆకలి. భోజనానికి కూర్చున్నప్పుడు ‘ఆకలిగా, తృప్తిగా తినండి’ అన్న అర్థంలో చెప్పే మాట బోఁ + అపెతీ. పలికేటప్పుడు అది బొనాపెతీ అవుతుంది. అనివెర్సేర్ అంటే పుట్టినరోజు, అదీ పుంలింగమే. బోఁ + అనివెర్సేర్ కలిస్తే బొనానివెర్సేర్. హల్లు ముందు ముక్కులో దాక్కున్న నకారం అచ్చును చూడగానే బయటికొచ్చి దానితో కలిసిపోతుంది. ఫ్రెంచ్ వ్యాకరణం దీన్ని ‘లియెజోఁ’ అంటుంది.

ఇది మనం ఎక్కడో చూసినట్టుంది కదా? వచ్చెన్ + అతడు = వచ్చెనతడు. వచ్చెన్ + చుట్టము = వచ్చెఁ జుట్టము. అచ్చు ముందు నకారం నిలిచింది, హల్లు ముందు అరసున్నగా మారింది. మన ద్రుతం చేసే పని ఇదే. రెండు భాషలకూ చుట్టరికం ఉందని కాదు దీని అర్థం. ఫ్రెంచ్ లాటిన్ సంతతి, తెలుగు ద్రావిడ భాష. నోటికి సులువైన దారి వెతుక్కోవడంలో మాత్రం రెండూ ఒకచోట కలిశాయి. ద్రుతాన్ని పట్టుకున్న విద్యార్థికి లియెజోఁ భయం ఉండదని నేను ధైర్యంగా చెప్పగలను. ఇంగ్లీషు మీదుగా ఫ్రెంచ్ నేర్చుకునే వాళ్లకు ఈ వెసులుబాటు లేదు.

వీటిలో క్రియ లేదని కూడా గమనించండి. ‘మీకు కోరుకుంటున్నాను’ అన్న భాగం లోపలే ఉండిపోయింది. ‘ఉగాది శుభాకాంక్షలు’ అన్నప్పుడు మనం చేసేదీ ఇదే.

మీ అవగాహనను పరీక్షించుకోండి: స్వారే అంటే సాయంత్రం, స్త్రీలింగం. ఎతే అంటే వేసవి, పుంలింగం. ఈ రెండింటికీ ‘మంచి’ చేర్చి పలకండి. జవాబులు బొన్ స్వారే, బొనెతే. మా పత్తికొండలో ఎండాకాలం రాబోతుంటే శుభ వేసవి అని ఎవరూ చెప్పుకోరు, నీళ్ల సంగతి చూసుకుంటారు. ఫ్రాన్స్‌లో మాత్రం సెలవులకు విడిపోయే ముందు నవ్వుతూ చెప్పుకునే మాట బొనెతే. చలిలో మగ్గిన దేశానికి ఎండే పండుగ.

ఈ అచ్చులోనే పోతపోసిన మరో మాట ఉంది. బోఁ దెబారా. చూడటానికి శుభాకాంక్షలానే ఉంటుంది. అర్థం ‘పీడ విరగడైంది’. ఊరు విడిచి వెళ్తున్న వాళ్ల ముఖం మీద బోఁ వ్వాయాజ్ అనబోయి ఇది అన్నారో, ఇక వాళ్లు మీ గడప తొక్కరు.

3. అభినందన వేరు, ఆకాంక్ష వేరు

జరిగిపోయిన మంచికి అభినందన. జరగవలసిన మంచికి ఆకాంక్ష. తెలుగులో ఈ తేడా ఉంది గాని ఫ్లెక్సీల మీద అది చెరిగిపోతోంది. ఫ్రెంచ్ ఇంకా గట్టిగానే పట్టుకుంది. ఉద్యోగం వచ్చింది, బిడ్డ పుట్టింది, పట్టా అందింది అంటే ఫెలిసితాసియోఁ. ఇది ఎప్పుడూ బహువచనమే, మన ‘అభినందనలు’ లాగే. దీనికి లాంఛనమైన వాడుక కూడా ఉంది. ఫ్రాన్స్ విశ్వవిద్యాలయాల్లో పరిశోధన పట్టా ఇచ్చేటప్పుడు ‘పరీక్షకుల మండలి అభినందనలతో’ అని రాయడం చాలాకాలం అన్నిటికంటే పెద్ద గౌరవంగా నడిచింది. పరీక్ష ఇంకా రాయని వాళ్లకు మాత్రం ఫెలిసితాసియోఁ చెప్పకూడదు. పరీక్షకు బయల్దేరిన వాళ్లకు బొన్ షాఁస్ గాని బోఁ కూరాజ్ గాని చెప్పాలి.

ఈ రెండింటినీ కలిపేయకండి. అదృష్టం కలిసి రావలసిన చోట బొన్ షాఁస్. లాటరీకి, ఇంటర్వ్యూకు అది సరిపోతుంది. ఓర్చుకుని చేయవలసిన చోట బోఁ కూరాజ్. రాత్రంతా పని ఉన్న నర్సుకు, నాట్లకు దిగబోతున్న కూలీకి, ఇంట్లో జబ్బు మనిషిని చూసుకుంటున్న వాళ్లకు ఇదే చెప్పాలి. వేరుశనగ వేసి వాన కోసం చూస్తున్న రైతుకు బొన్ షాఁస్ అనవచ్చు. పంట పోయి మళ్లీ దుక్కి దున్నుతున్న రైతుకు బోఁ కూరాజ్ తప్ప మరో మాట నప్పదు. తెలుగులో ‘ఆల్ ది బెస్ట్’ అన్న ఒక్క మాట ఈ రెండు పనులూ చేసేస్తోంది. నా మటుకు నాకు అది నష్టంగానే కనిపిస్తుంది.

బ్రావో అన్నది ఇటలీ నుంచి వచ్చిన మాట. అక్కడ ఆడవాళ్లను మెచ్చుకునేటప్పుడు బ్రావా అవుతుంది. ఫ్రెంచ్‌లోకి వచ్చాక ఆ మార్పు పోయి ఎవరికైనా బ్రావోనే. మన శభాష్‌కు ఇది సరిజోడు. శభాష్ కూడా అరువు మాటే. పారసీకంలో ‘షాద్ బాష్’, అంటే సంతోషంగా ఉండు అని. మెచ్చుకోలుగా మారకముందు అదొక దీవెన. బ్రావోలో మనిషి ప్రతాపం మీద మెప్పు ఉంది. పత్తికొండ మార్కెట్‌లో టమాటాకు ఒక్కసారిగా మంచి ధర పలికితే రైతుకు బ్రావో చెప్పరు, ధర అతని చేతిలో లేదు కనుక. అక్కడ పలికే మాట తాఁ మ్యో. ‘అంతకంటే కావలసిందేముంది’ అని అర్థం.

పెళ్లికి తూ మె వో ద్ బొనోర్ అంటారు. ‘మీ సుఖం కోరుతూ నా ఆకాంక్షలన్నీ’ అని మాటల అర్థం. కొత్త జంట బయటికి రాగానే జనం అరిచే మాట వేరు, దాన్ని ఆరో భాగంలో చూద్దాం.

4. పుట్టినరోజు, పేరు పండుగ, కొత్త సంవత్సరం

పుట్టినరోజుకు బొనానివెర్సేర్ అన్నా, జ్వాయోజానివెర్సేర్ అన్నా ఒకటే. రెండోదాంట్లో నడుమ వచ్చిన జకారం కూడా లియెజోఁ ఫలితమే. జ్వాయో విడిగా ఉన్నప్పుడు పలకని చివరి హల్లు అచ్చు ముందు దంత్య జకారమై వినిపిస్తుంది. క్రిస్మస్‌కు జ్వాయో నొఎల్. ఇక్కడ నకారం హల్లు కాబట్టి ఆ జకారం రాలేదు.

అనివెర్సేర్ అంటే నిజానికి ఏడాది తిరిగి రావడం. అందుకని పెళ్లిరోజుకూ అదే మాట, ఒక మనిషి పోయిన రోజుకూ అదే మాట. అనువాదంలో ఇక్కడ కాలు జారే ప్రమాదం ఉంది. తెలుగులో సంవత్సరీకం అంటే పితృకార్యమే. ఫ్రెంచ్ వార్తలో అనివెర్సేర్ కనిపించగానే ఏది తిరిగి వచ్చిందో చూసుకుని గాని కలం కదపకండి.

బొన్ ఫెత్ అన్న మాట దగ్గర ఆగి కొంచెం సేపు చూడాలి. ఫెత్ అంటే పండుగ, స్త్రీలింగం. మాటలకు మాట పెడితే శుభ పండుగ. ఫ్రాన్స్‌లో దీనికి ప్రత్యేకార్థం ఉంది. కేథలిక్ కాలెండర్‌లో ప్రతి తేదీకీ ఒక పునీతుడో పునీతురాలో ఉంటారు. ఆ పేరు పెట్టుకున్న వాళ్లకు ఆ రోజు బొన్ ఫెత్ చెబుతారు. మన కాలెండర్‌లో తిథి, నక్షత్రం వేసినట్టు అక్కడి కాలెండర్‌లో పేర్లు వేస్తారు. 1803 నాటి చట్టం ఒకటి పిల్లలకు పెట్టే పేర్లను కాలెండర్లలోని పేర్లకు, ప్రాచీన చరిత్రలోని పేర్లకు పరిమితం చేసింది. తర్వాత పట్టు సడలినా తల్లిదండ్రులకు పేరు విషయంలో పూర్తి స్వేచ్ఛ వచ్చింది 1993లోనే. చాలామందికి కాలెండర్‌లో ఒక పేరు పండుగ ఉండేదంటే కారణం ఇదే. కెనడాలోని కెబెక్‌కు వెళ్తే బొన్ ఫెత్ అంటే పుట్టినరోజు శుభాకాంక్షలు. మారిషస్‌కు వెళ్తే ఏ మతం పండుగకైనా పొరుగింటి వాళ్లకు చెప్పే మాట. మాట ఒక్కటే, మూడు దేశాల్లో మూడు అర్థాలు. ఏది సరైనదని అడిగే విద్యార్థులుంటారు. ఎక్కడి వాడుక అక్కడ సరైనదే.

కొత్త సంవత్సరానికి బొనానే. ఫ్రాన్స్‌లో ఇది జనవరి 1తో అయిపోదు. నెలాఖరు దాకా, ఆ ఏడాది మొదటిసారి కలిసిన వాళ్లకు చెప్పవచ్చు. కార్డులు కూడా జనవరి అంతా నడుస్తాయి. కార్యాలయ ఉత్తరాల్లో మెయ్యర్ వో (మేలైన ఆకాంక్షలు) అని రాస్తారు. ఫిబ్రవరిలో రాస్తే ఆలస్యానికి క్షమాపణ కూడా జోడించాలి.

5. గ్లాసు, తుమ్ము, రంగస్థలం

విందులో గ్లాసెత్తి చెప్పే మాట సాఁతే, అంటే ఆరోగ్యం. పూర్తి రూపం ఆ వొత్ర్ సాఁతే, ‘మీ ఆరోగ్యానికి’. స్నేహితుల మధ్య ఆ తా సాఁతే, ‘నీ ఆరోగ్యానికి’. ఎదుటివాళ్లు తిరిగి ఆ లా వోత్ర్ (మీ దానికి) అనో, ఆ లా త్యెన్ (నీ దానికి) అనో అంటారు. నువ్వు, మీరు అన్న తేడా ఇంగ్లీషులో పోయింది, ఫ్రెంచ్‌లో ఉంది, తెలుగులో ఉంది. మనం పెద్దవాళ్లను ఎక్కడ మీరు అంటామో దాదాపు అక్కడల్లా ఫ్రెంచ్‌లోనూ మీరే. కాకపోతే మన పల్లెల్లో ‘ఏమప్పా, ఎట్లుండావు’ అని ముసలాయన్ని ప్రేమగా ఏకవచనంలో పలకరించినట్టు ఫ్రాన్స్‌లో ముక్కూ మొహం తెలియని పెద్దమనిషిని పలకరించకూడదు. గ్లాసులు తాకించేటప్పుడు అనే చిన్‌చిన్ అన్నది చైనా మాట. ‘దయచేయండి, దయచేయండి’ అన్న మర్యాద మాట 19వ శతాబ్దంలో చైనా రేవులకు వెళ్లి వచ్చిన వాళ్లతో పాటు ఫ్రాన్స్ చేరింది. ఫ్రెంచ్ చెవికి అది గ్లాసుల చప్పుడులా తోచడం వల్ల నిలిచిపోయిందనుకుంటాను. గ్లాసులో నీళ్లున్నా పళ్లరసమున్నా ఈ మాటలు చెప్పవచ్చు.

పిల్లవాడు తుమ్మితే మనవాళ్లు చిరంజీవ అంటారు. ఫ్రెంచ్ వాళ్లు ఆ వో స్వె అంటారు, ‘మీ కోరికలు తీరాలి’ అని. దగ్గరివాళ్లకైతే ఆ తె స్వె.

రంగస్థలం సంగతి వేరు. ఫ్రాన్స్‌లో నాటకం మొదలయ్యే ముందు నటుడికి బొన్ షాఁస్ చెప్పడం అపశకునం. బదులుగా మెర్ద్ అంటారు. దాని అర్థం మలం. మామూలు వేళ అది బూతు మాట, పెద్దల ముందు అనరాదు. తెర లేచే ముందు మాత్రం అదే దీవెన. ప్రేక్షకుల బండ్లు ఎక్కువైతే నాటకశాల ముందు గుర్రాల పేడ ఎక్కువవుతుందని, అందుకే ఈ మాట వచ్చిందని ఒక కథ చెబుతారు. కథ మాట ఎలా ఉన్నా లోపలి తర్కం మనకు తెలిసిందే. పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో బిడ్డకు పెంటయ్య, పుల్లయ్య అని పేర్లు పెట్టింది ఇందుకే కదా. మంచి మాట అంటే దిష్టి తగులుతుంది, చెడ్డ మాట అంటే దిష్టి పక్కకు పోతుంది.

పద్యనాటకంలో కృష్ణుడు రాగం తీసి ఆపగానే మన జనం ‘వన్స్ మోర్’ అని కేకలేస్తారు. అలాంటి వేళ ఇంగ్లీషు వాళ్లు అరిచేది ‘ఆఁకోర్’, అదేమో ఫ్రెంచ్ మాట. మరి ఫ్రెంచ్ ప్రేక్షకులు ఏమంటారు? బిస్ అంటారు, అది లాటిన్. రెండోసారి అని అర్థం. ఇంగ్లీషు వాడు ఫ్రెంచ్‌లో, ఫ్రెంచ్ వాడు లాటిన్‌లో, తెలుగువాడు ఇంగ్లీషులో అడుగుతున్నారు. మళ్లీ పాడమని సొంత భాషలో అడగడం ఎవరికీ ఆనలేదు.

6. వీవ్: జిందాబాద్‌కు సాటి

వీవ్ అంటే బతకాలి, వర్ధిల్లాలి. ఆదోని బజారులో ఊరేగింపు వెళ్తుంటే వినిపించే జిందాబాద్‌కు ఇది అచ్చంగా సాటి. పారసీకంలో జిందా అంటే జీవించి ఉన్న, బాద్ అంటే అగుగాక. పెళ్లి జంటను చూసి జనం అరిచే మాట వీవ్ లె మారియే, ‘కొత్త దంపతులు వర్ధిల్లాలి’. ఫ్రాన్స్ అధ్యక్షులు ప్రసంగాన్ని మామూలుగా వీవ్ లా రెప్యుబ్లిక్, వీవ్ లా ఫ్రాఁస్ అంటూ ముగిస్తారు.

ఫ్రాన్స్ జాతీయ దినం జూలై 14. 1789లో ఆ రోజున బాస్తీయ్ కోట జైలు కూలింది. 1790లో అదే రోజున సమైక్య ఉత్సవం జరిగింది. 1880లో చట్టం ద్వారా జాతీయ పండుగ అయింది. మన పత్రికలు ఇంగ్లీషును అనుసరించి దీన్ని బాస్టిల్ డే అంటాయి. ఫ్రెంచ్ వాళ్లు అలా అనరు. తేదీతోనే పిలుస్తారు, కాతోర్జ్ జుయియే అని. మనం పంద్రాగస్టు అన్నట్టే.

ఈ మాటను తప్పు చోట అంటే ఏమవుతుందో ఒక ఉదాహరణ. 1967 జూలై 24న ఫ్రాన్స్ అధ్యక్షుడు ద గోల్ కెనడా పర్యటనలో మాంట్రియల్ నగర సభ భవనం వసారాలో నిలబడి ప్రసంగించారు. చివర ‘వీవ్ ల్ కెబెక్ లీబ్ర్’ అన్నారు. స్వేచ్ఛాయుత కెబెక్ వర్ధిల్లాలి అని. జనం హోరెత్తారు. కెబెక్ విడిపోవాలనే వాళ్ల నినాదం అది. ఆతిథ్యమిచ్చిన దేశంలో దాన్ని ఎత్తుకున్నందుకు కెనడా ప్రధాని పియర్సన్ మరునాడే బహిరంగంగా తప్పుపట్టారు. ద గోల్ రాజధాని ఒట్టావాకు వెళ్లకుండానే తిరిగి వెళ్లిపోయారు. వీవ్ ల్ కెబెక్ అని ఆపి ఉంటే అది మర్యాద మాటగానే మిగిలేది. లీబ్ర్ అన్న ఒక్క విశేషణం రెండు దేశాల మధ్య చిచ్చు పెట్టింది. సంబరపు మాటలు కదా, ఏదైతేనేం అనుకునే వాళ్లకు ఈ ఉదాహరణ ఎప్పుడూ చెబుతాను.

7. ఫ్రాన్స్‌లో ఎవరూ అనని ఫ్రెంచ్ మాట

అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో మార్ది గ్రా పండుగ పెద్ద ఎత్తున చేస్తారు. మార్ది అంటే మంగళవారం, గ్రా అంటే కొవ్వు పట్టిన. నలభై రోజుల ఉపవాస దీక్షకు ముందు, కడుపారా తిని ఆడిపాడే చివరి రోజు అది. అక్కడ గోడల మీద, జెండాల మీద, చొక్కాల మీద కనిపించే మాట ‘లెసే లె బోఁ తాఁ రూలే’. మంచి రోజులను దొర్లనివ్వండి అని అర్థం. పారిస్‌లో ఈ మాట అంటే వాళ్లకు పదాలు అర్థమవుతాయి గాని భావం తట్టదు. కారణం, ఇది ఇంగ్లీషు పలుకుబడిని మాటకు మాట ఫ్రెంచ్‌లో పెట్టినది.

మాటకు మాట అనువాదం తప్పని మీకు ప్రతి పాఠంలోనూ చెబుతూ వచ్చాం. అయితే ఈ మాటను తప్పు అని కొట్టేయడానికి నాకు చేయి రాదు. 1755 నుంచి బ్రిటిష్ వాళ్లు కెనడా తూర్పు తీరంలోని అకాడియా నుంచి ఫ్రెంచ్ రైతులను వెళ్లగొట్టారు. వాళ్లలో చాలామంది చివరికి లూసియానా చేరారు. వాళ్ల సంతతే కేజన్లు. 1921 నాటి రాష్ట్ర రాజ్యాంగం బడుల్లో బోధన ఇంగ్లీషులోనే జరగాలంది. ఇంట్లో నేర్చుకున్న ఫ్రెంచ్ బడిలో మాట్లాడినందుకు పిల్లలు దెబ్బలు తిన్నారు. 1968లో ఫ్రెంచ్‌ను నిలబెట్టడానికి రాష్ట్రమే ఒక సంస్థను పెట్టే నాటికి ఒక తరం మాట మరిచిపోయింది. ఇంగ్లీషు చట్రంలో కూర్చిన ఈ ఫ్రెంచ్ మాట అలాంటి వాళ్ల నోట నిలిచింది. అంతెందుకు, మన ‘పుట్టినరోజు శుభాకాంక్షలు’ ఎక్కడిది? మా అవ్వలు చల్లగా ఉండు, నిండు నూరేళ్లు బతుకు అని దీవించారే గాని శుభాకాంక్షలు చెప్పలేదు. ఇంగ్లీషు విషెస్‌కు సంస్కృత పదాలతో కట్టిన మాట అది. ఇవాళ అది తెలుగు కాదని అనగలమా? పరీక్షలో మాత్రం లెసే లె బోఁ తాఁ రూలే లూసియానా మాట అని స్పష్టంగా రాయండి, ఫ్రాన్స్ మాటగా రాయకండి.

8. యానాం, మారిషస్

యానాం 1954 జూన్ 13 దాకా ఫ్రెంచ్ పాలనలో ఉంది. చట్టరీత్యా అప్పగింత 1962లో పూర్తయింది. అప్పట్లో ఫ్రెంచ్ పౌరసత్వం ఎంచుకునే అవకాశం అక్కడి వాళ్లకు ఇచ్చారు. సంబరాల చరిత్రలో యానాం పేరు మరోలా కూడా వినిపిస్తుంది. బాల్యవివాహాలను అడ్డుకునే శారదా చట్టం బ్రిటిష్ ఇండియాలో 1930లో అమల్లోకి వచ్చింది. ఫ్రెంచ్ నేల మీద అది చెల్లదు. చుట్టుపక్కల జిల్లాల నుంచి జనం పిల్లలను తీసుకుని యానాం వెళ్లి పెళ్లిళ్లు చేసి తిరిగొచ్చేవారు. దానివల్ల ఆ ఊరికి కళ్యాణపురం అన్న పేరు కూడా వచ్చింది. ఆ పెళ్లిళ్లకు ఫ్రెంచ్ నేల కావలసి వచ్చింది గాని ఫ్రెంచ్ మాట అక్కర్లేకపోయింది. సంబరం జరిగింది సరే, ఆ పిల్లల సంగతి ఎవరడిగారు?

మారిషస్ కథ దీనికి తలకిందులు. అక్కడ ఫ్రెంచ్ నేల పోయి ఫ్రెంచ్ మాట మిగిలింది. 1715 నుంచి ఫ్రెంచ్ వాళ్ల చేతిలో ఉన్న ఆ దీవిని 1810లో బ్రిటిష్ వాళ్లు పట్టుకున్నారు. పాలన ఇంగ్లీషుకు మారినా జనం మాట ఫ్రెంచ్ నుంచి పుట్టిన క్రియోల్‌గానే ఉండిపోయింది. 1834 నుంచి చెరకు తోటల కూలికి మన దేశం నుంచి ఓడలెక్కి వెళ్లిన వాళ్లలో తెలుగువాళ్లు కూడా ఉన్నారు. యానాం పక్కనే ఉన్న కోరంగి రేవు పేరు మీద వాళ్లను అక్కడ కొరింగలు అన్నారు. తోటల యజమానుల్లో ఎక్కువమంది ఫ్రెంచ్ మాట్లాడేవాళ్లు. కూలీల చెవిన ఆ భాష మొదట పడింది శుభాకాంక్షగా కాదు, ఆజ్ఞగా.

ఇవాళ ఉగాది మారిషస్‌లో ప్రభుత్వ సెలవుదినం. సెలవుల జాబితాలో దాన్ని రాసే తీరు చూడండి. ఫ్రెంచ్‌లో ‘యు’ అక్షరం ఒక్కటే రాస్తే మన ఉకారం పలకదు, పెదవులు ముందుకు చాచి ఇకారం పలికినట్టు వేరే ధ్వని వస్తుంది. మన ఉకారం కావాలంటే ‘ఓ’, ‘యు’ రెండూ పక్కపక్కన రాయాలి. అక్కడ ఉగాదిని అలాగే, ‘ఓ’తో మొదలుపెట్టి రాస్తారు. ఫ్రెంచ్ చదివే పొరుగువాడి నోట కూడా మన ఉగాది ఉగాదిగానే పలకాలని ఆ అక్షరం వచ్చి చేరింది. పొరుగున ఉన్న ముస్లిం గాని క్రైస్తవుడు గాని ఆ రోజు తెలుగింటి గుమ్మం ముందు బొన్ ఫెత్ అంటే, అక్కడ దానికి పునీతుల కాలెండర్‌తో సంబంధం లేదు.

అభ్యాసం: ఫ్రెంచ్‌లో ఉగాదిని పుంలింగంగా తీసుకుని, ముందు జ్వాయో చేర్చి పలకండి. నాలుగో భాగంలో చెప్పిన జకారం ఎక్కడ వస్తుందో గుర్తించండి. జవాబు: జ్వాయోజుగాది.